డేవిడ్‌రాజు గారి చేతులు

డేవిడ్‌రాజు గారిది వీరులపాడు. జగ్గయ్యపేటలో మా ఆసుపత్రి సర్జన్. కుట్లు వేయడంలో ఆయనకు సాటి లేరు. నేర్పడం మాత్రం బొత్తిగా రాదు. శిక్షణకు వచ్చిన నందిగామ అమ్మాయి యశస్విని సూది పట్టుకోగానే "ఇలా ఇవ్వమ్మా" అని లాగేసుకునేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకు కుట్లు చూడడం వచ్చేది, వేయడం వచ్చేది కాదు. నేను మత్తు డాక్టర్ని. రోగి తల దగ్గర కూర్చుని రోజూ ఈ తంతు చూసేదాన్ని.

ఒకరోజు ఆపరేషన్ అయ్యాక ఒళ్లు మండి అడిగేశాను. "అన్నీ మీరే కుట్టేస్తే ఆ పిల్లకి ఎప్పటికొస్తుందండీ?"

"ఏం చెయ్యమంటారు జెరూషా గారూ? తను తడబడితే చూస్తూ ఊరుకోలేను. చెయ్యి దానంతటదే వెళ్లిపోద్ది."

"అయితే ఆ చేతులు కట్టేసుకోండి. నోటితో చెప్పండి."

మర్నాడు హెర్నియా ఆపరేషన్. చివర్లో కుట్లు యశస్వినికి అప్పగించి, ఆయన గ్లవ్స్ తొడిగిన చేతుల వేళ్లు పెనవేసి ఛాతీకి ఆనించుకున్నారు. సూది పక్కకు పోయింది. ఆయన భుజాలు కదిలాయి గాని చేతులు విడిపోలేదు.

"మణికట్టు తిప్పమ్మా. ఆఁ, ఇంకొంచెం."

కుట్టు సరిగ్గా పడింది. యశస్విని తలెత్తి ఆయన చేతుల వంక చూసి బెదిరిపోయింది. "సార్, నేను తప్పు చెయ్యకూడదని ప్రార్థన చేస్తున్నారా?"

"నీ కోసం కాదమ్మా, ఈ చేతుల్ని ఆపడానికే నా బలమంతా పోతోంది. ఇంకో కుట్టుంది, వెయ్యి."