నోరు చూసే అలవాటు

జగిత్యాల కొత్తగ జిల్లా అయిన ఆ రోజులల్ల నాకు ఇరవై మూడేండ్లు. నా గురించి నాకు అన్నీ తెలుసనుకునే వయసది. నాకు ఏ కూర ఇష్టం, ఏ రంగు నప్పుతది, ఎవరి మీద ఎందుకు కోపమొస్తది, ఏది అడిగినా తడుముకోకుండ చెప్పేదాన్ని. ఎవరన్న మాట్లాడుతుంటే వాళ్ల కండ్లల్లకు కాకుండ నోటి దిక్కే చూస్తనన్న సంగతి ఒక్కటే నాకు తెల్వదు. అది వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది. వాళ్లు కూడ అంత మంచిగేం చెప్పలే.

మాది సిరిసిల్ల. ముందటి రెండు అర్రలల్ల మేముండేది, వెనుక రేకుల షెడ్డుల నాలుగు సాంచెలు (మరమగ్గాలను మా దిక్కు గట్లనే అంటరు) నడిచేటియి. డిగ్రీ అయిపోయినంక జగిత్యాలల ఒక పండ్ల డాక్టర్ దగ్గర కొలువు దొరికింది. తలుపు కాడ బల్ల వెనుక కూసుండి, వచ్చినోళ్ల పేరు, ఊరు, ఏ పన్ను నొస్తున్నదో అడిగి చీటీ రాసి లోపలికి పంపాలె. వాళ్లు బాధ చెప్పుకుంటుంటే నేను రెప్ప కొట్టకుండ వాళ్ల నోట్లెకే చూసేదాన్నట. పండ్ల దవాఖాన్ల అడుగు పెట్టంగనే ఒక పిల్ల అట్ల చూస్తే ఎవరికైనా ఎట్లుంటది? గుట్కా తినేటోళ్లు పెదవులు బిగబట్టి మాట్లాడేటోళ్లు. ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకునేటోళ్లు. వాళ్లు నోరు దాచినకొద్ది నాకు మాట సమజ్ కాకపోయేది, సమజ్ కానికొద్ది నేను ఇంకింత ముందటికి వంగేదాన్ని. ఒక్క పన్ను నొప్పని వచ్చినోళ్లల్ల సగం మంది లోపలికి పోయి, పనిల పని పండ్లన్ని క్లీన్ చేయుమని అడిగేటోళ్లు. డాక్టర్ సారు అది నా అదృష్టపు చెయ్యి అనుకున్నడు. ఫోన్ల మాత్రం నాతోని అయ్యేది కాదు. అవతలి మనిషి కనిపించడాయె. సోమవారం వస్తమంటే శనివారం అని రాసి, శనివారమంతా ఎదురుచూసేదాన్ని.

మా దవాఖాన్ల చానా ఏండ్ల నుంచి పనిచేసే ఒక పెద్దామె ఉండె. అందరం ఆమెను ఆపా అనేది. ఒకనాడు గొల్లపల్లి నుంచి వచ్చిన ముసలామె, నా పండ్లు ఎన్ని మిగిలినయో లెక్కపెడుతున్నవా పిల్లా అని నాతోని లొల్లి పెట్టుకున్నంక, ఆపా నన్ను పక్కకు పిలిచింది. నోట్ల చూడకు బిడ్డా, మందికి షరమైతది, కండ్లల్ల చూసి మాట్లాడమన్నది. రెండు రోజులు కండ్లల్ల చూసి మాట్లాడిన. ఆ రెండు రోజులల్ల ఒకాయన పై పన్ను నొస్తుందంటే కింది పన్నని రాసిన, ఇంకొకాయన పేరే మార్చిన. మూడోనాడు ఆపానే వచ్చి, "పోనీ తియ్యి, నోరే చూడు" అన్నది. డాక్టర్ సారుకు అనుమానమొచ్చి నన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తోలిండు. ఆయన పరీక్ష చేసి, చెవులు బంగారం లెక్క ఉన్నయని పంపిండు. ఇగ లోపం ఎక్కడున్నదో ఎవరికీ తెలియకపాయె.

గప్పుడే మా మేనత్త సంబంధం తెచ్చింది. అత్తది కోరుట్ల. పిలగాడు మండలాఫీసుల కంప్యూటర్ పని చేస్తడు, మంచోడు, తక్కువ మాట్లాడుతడు అని చెప్పింది. (ఆ చివరి ముక్క విని భయపడాల్సింది, నేను సంబురపడ్డ.) చూపులు అత్త ఇంట్లనే పెట్టిండ్రు. పిలగాడు వాళ్లమ్మతోని వచ్చి నా ముందట కూసున్నడు. కూసున్న కాన్నుంచి ఎడమ చెయ్యి మూతి మీదికెళ్లి తియ్యలే. ఏదో పెద్ద ఆలోచన చేస్తున్నోని లెక్క నాలుగు వేళ్లు పెదవుల మీద పెట్టుకొని, వేళ్ల సందులకెళ్లి మాట్లాడిండు. పైన ఫ్యాను, పక్క అర్రల పిల్లల గోల. నాకు ఆ చెయ్యి తప్ప ఏం కనిపిస్తలేదు. ఏదో అడిగిండు, "వచ్చినయా" అన్నట్టు చివరికి ఒక్క ముక్క దొరికింది. చాయలు వచ్చినయా అని అడుగుతున్నడనుకున్న. మర్యాదగ జవాబు చెప్పిన.

"పొద్దున ఒకటయింది. అత్త ఊకోకపోతే ఇంకోటయింది. ఇగ నాతోని కాదు."

ఆయన అడిగింది, ఇంతకుముందు సంబంధాలేమన్న వచ్చినయా అని.

వాళ్లమ్మ చేతిల లడ్డు చేతిలనే ఆగింది. మా అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. పిలగాడు మాత్రం కోపం చెయ్యలే, చెయ్యి ఇంకింత గట్టిగ పెట్టుకున్నడు. ఆ చెయ్యి పైన ఆయన కండ్లు నవ్వుతున్నట్టు నాకు అనిపించింది. ఆ కండ్ల కోసమే అనుకుంట, ఇంటికొచ్చినంక నాకు నిద్ర సరిగ పట్టలే. రెండు రోజులకు కబురొచ్చింది. పిల్ల మనసుల ఇంకేదో ఉన్నట్టున్నది, పిలగాని మొఖం చూడనే లేదు, చెయ్యి చూసుకుంట కూసున్నది అని వాళ్లంటున్నరట. అడిగినదానికి సక్కగ జవాబు చెప్పరాదా అని బాపు నన్ను అన్నడు. అడిగింది కనిపిస్తే గద చెప్పేది అని నేను లోపల్నే అనుకున్న. అట్ల అనుకున్నట్టు కూడ గప్పుడు నాకు ఎరుకలేదు.

ఆ తర్వాతి ఆదివారం నేను సిరిసిల్లల్నే ఉన్న. బడి పిల్లల బట్టకు ఆర్డరుండె, నాలుగు సాంచెలూ నడుస్తున్నయి. నేను షెడ్డుల ఒక మూలకు కూసుండి నూలు కండెలు చుట్టుతున్న. అమ్మ రెండో మూలకున్నది. ఆ సప్పుడుల పక్కన పిడుగు పడ్డా వినపడదు. చూస్తే తలుపు కాడ మా మేనత్త పెనిమిటి, ఆయన పక్కన కోరుట్ల పిలగాడు. అమ్మ ఆ మూల నుంచి ఎవరని అడిగింది. ఆ పిలగాడే అని చెప్పిన. మొఖం కడుక్కొని చాయ పెట్టుపో అన్నది. చక్కెర అయిపోయింది అన్న. ఈ ముచ్చటంత గొంతు లేకుండనే, పెదవులతోనే అయింది. మేం ఎప్పుడూ గట్లనే మాట్లాడుకుంటుంటిమి. పిలగాడు నోరు తెరిచి ఒకసారి అమ్మ దిక్కు, ఒకసారి నా దిక్కు చూస్తున్నడు.

తర్వాత సాంచె కాడున్న బాపు దగ్గరికి పోయి, అలవాటు ప్రకారం మూతి మీద చెయ్యి పెట్టుకొని ఏదో చెప్పవట్టిండు. బాపు మొఖం దగ్గరికి పెట్టి చూసిండు, అటు వంగి చూసిండు, ఇటు వంగి చూసిండు. ఇగ లాభం లేదని పిలగాని చెయ్యి పట్టుకొని మెల్లగ కిందికి దించిండు.

"చెయ్యి తీసి మాట్లాడు బాబు. నువ్వనేది కనిపిస్తలేదు."

ఆ మాట నేను వినలే. షెడ్డు ఈ మూల నుంచి బాపు పెదవుల మీద చూసిన. చూసి, కండె చేతిల పట్టుకొని అట్లనే కూసున్న. జగిత్యాలల గుట్కా ఆయన, గొల్లపల్లి ముసలామె, ఫోన్ల సోమవారం, కోరుట్ల చాయ, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డయి. పుట్టిన కాన్నుంచి ఈ సప్పుడులనే మాటలు నేర్చుకున్న. మాటంటే చూసేదని నేర్చుకున్న. ఇన్నేండ్లు ఆ సంగతి నాకే తెల్వదు.

చెయ్యి తీసిన పిలగాడు బాపును ఏమడుగుతున్నడో గూడ నాకు కనిపించింది. మీ బిడ్డకు నేను నచ్చకపోతే ఏం కాదు, కాని ఆ వచ్చిన రెండు సంబంధాలు ఏమైనయో తెలుసుకుందామని వచ్చిన అంటున్నడు. నాకు నవ్వు ఆగలే. పడీ పడీ నవ్విన. ఆ సప్పుడుల ఎవరికీ వినపడలే గని, ఆయన చూసిండు.

బయట అరుగు మీద (పక్కింటి చక్కెరతోని) చాయ తాగుకుంట నా సంగతంతా చెప్పిన. ఆయన మొత్తం విని, తన సంగతి చెప్పిండు. పదేండ్లప్పుడు కొండగట్టుకు పోయిండట. చేతిల కొబ్బరి చిప్ప కోతి గుంజుకపోతే ఊకోక దాని ఎంబడి ఉరికి, మెట్ల మీద బోర్ల పడి ముందటి పన్ను సగం ఇరగ్గొట్టుకున్నడు. బడిల పిల్లలు చిప్ప చిప్ప అని పిలిచేటోళ్లట. కొలువు దొరికిన కొత్తల పన్ను కట్టించుకున్నడు. నేను పండ్ల దవాఖాన్ల పనిచేసేదాన్ని గద, అలవాటు కొద్ది వంగి చూసిన. ఏది కట్టించిన పన్నో నాకు దొరకనే లేదు.

"మరి ఇంక చెయ్యెందుకు?" అని అడిగిన.

ఆయన తన చెయ్యి దిక్కు చూసుకొని, "పన్ను బాగైందని చెయ్యికి ఎవలూ చెప్పలే" అన్నడు.

ఆ యేడే మా పెండ్లయింది. ఇప్పుడు జగిత్యాలల ఉంటున్నం, సాంచెల సప్పుడు లేని ఇల్లు. నా బిడ్డకు ఏడేండ్లు. అది బ్యాగు సదురుకుంట, వీపు ఇటు పెట్టి ముచ్చట్లు చెప్తది. నేను పోయి దాని గదుమ పట్టుకొని మొఖం నా దిక్కు తిప్పుకుంట. మొన్న దానికి విసుగొచ్చింది. "అమ్మా, నీకు చెవులున్నయి గదా" అన్నది. ఉన్నయి బిడ్డా, అయినా ఇటు చూసి చెప్పు అన్న. పాపం, నాకు వినపడదేమో అనుకున్నట్టుంది. నోరు పెద్దగ తెరిచి, ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి, రేపు బడికి రంగు పెన్సిళ్లు కావాలని మల్ల చెప్పింది. మొదటిసారే నాకు సక్కగ వినపడ్డది. అయినా ఇంకోసారి చెప్పించుకున్న.