మామయ్య చూస్తుండగా ఎండిన దోనె

మా మామయ్య మీద నాకున్న కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. అయినా తల్చుకుంటే ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాస్తానని ఎవరైనా ఆశపడితే ఇక్కడే ఆపేయొచ్చు.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. తన కూతురిని నాకిచ్చి, మగపిల్లలు లేరని నన్ను తిరువూరులో తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఇల్లరికం రుచి తిన్నవాడికే తెలుస్తుంది. రెండోసారి కూర వేసుకుంటే నా కంచం వైపు చూసేవాడు. గంపలగూడెం దారిలో ఉన్న చెరువులో ఇద్దరం చేపలు పట్టేవాళ్లం. నీళ్లు కాస్త తగ్గితే అడుగు బురదలో ఉండే ఆలిచిప్పలు ఏరి సున్నపు బట్టీకి వేసేవాళ్లం. పీకలోతు నీళ్లలో పాదంతో తడుముతూ నడవాలి, చిప్ప తగిలితే మునిగి తీయాలి. మునిగేది నేను. గట్టున కూర్చుని, గంప నిండలేదేమని సణిగేది ఆయన.

డెబ్బైల్లో ఒక ఏడు, సొంతంగా చిన్న పడవ కొనాలని నాకు పట్టుదల పుట్టింది. వానలకు చెరువు నిండాక పెద్ద చేప నడిమధ్యకు పోతుంది. పడవుంటే అక్కడ నేనొక్కణ్నే వల వేసుకోగలను. ఆయన చెయ్యి చూడకుండా, నా భార్యను తీసుకుని వేరు కాపురం పెట్టగలను. ఆమెకు చెబితే, "నాన్నను వదిలి నేను రాను బావా" అంది. పడవంటూ వస్తే మనసు మారుతుందని నా ఆశ.

మామయ్య పసిగట్టాడు. "మన బళ్లు చేసే వడ్రంగి ఉన్నాడుగా, ఇద్దరం నడిపే చెక్క పడవ చేయించుకో" అన్నాడు. బండి చేసేవాడికి పడవ గురించి ఏం తెలుసు? నాకు కొల్లేటి తాటి దోనె కావాలి. ఒకే తాటిమానును తొలిచి చేస్తారు. అతుకూ ఉండదు, మేకూ ఉండదు, ఒక్క మనిషి నడపొచ్చు.

"ఆ మొద్దు దొర్లి నువ్వు చస్తే నా కూతురు ముండమొయ్యాలా?" అన్నాడు, ఆమె ముందే.

ఆ వేసవిలోనే కొల్లేటికి బయల్దేరాను. ఆయనా వెంటపడ్డాడు. నేను మోసపోతే కళ్లారా చూడాలని వచ్చాడు తప్ప సాయానికి కాదు. బస్సులో ఒకే సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు.

దోనెలు చేసే ముసలాయన దగ్గర మూడు అమ్మకానికి ఉన్నాయి. మూడూ నీళ్లలో మునిగి ఉన్నాయి. ఒక్కోటీ పైకి లాగి, నీళ్లు తోడి చూపించాడు. అమ్ముకునే సరుకును ఇలా నీళ్లలో పారేసుకున్నాడేమిటి, బద్ధకస్తుడు అనుకున్నాను. మొదటిదాని గోడలు మరీ పల్చన. రెండోదాని అడుగు పుచ్చిపోయి గోరు దిగింది. మూడోది నల్లగా చేవదేరి ఉంది. ఎక్కి నిలబడితే ఊగింది గానీ దొర్లలేదు. అదే నాది అనుకున్నాను.

అంతలో మామయ్య పెద్దమనిషిలా ముసలాయన్ని పక్కకు పిలిచి వివరాలు అడగడం మొదలుపెట్టాడు. కొనేది నేను, అడిగేది ఆయన! కడుపు మండి, లారీ మాట్లాడుకొస్తానని వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ బీడీలు కాలుస్తున్నారు. ముసలాయన ఏం చెప్పాడని మామయ్యను అడగడానికి నాకు నామోషీ.

లారీ మీద విస్సన్నపేట దాకా, అక్కణ్నుంచి ఎడ్లబండి మీద దోనె ఇంటికి చేరింది. చెరువు మోకాలి లోతుకు తగ్గిపోయింది. వానలొచ్చేదాకా నా దోనెను భద్రంగా ఉంచాలిగా! పందిరి కింద పెట్టి, లోపలా బయటా పొడిగా తుడిచి, ఆముదం రాసి, గోతాలు కప్పాను. పిల్లను కూడా అంత బాగా చూసుకోరు. మామయ్య ఎదురుగా మంచం వేసుకుని రోజూ చూసేవాడు. "బాగా తుడువు, తేమ ఉండకూడదు" అని ఒకసారి సలహా కూడా ఇచ్చాడు.

రోహిణీకార్తె ఎండలకు ఒకరోజు గోతాలు తీసి చూస్తే, ఈ చివర నుంచి ఆ చివరకు వేళ్లు దూరేంత చీలిక. తారు కరిగించి పోశాను. చెరువులో నీళ్లు చేరాక దించితే, ఎక్కిన కాసేపటికే మోకాళ్లదాకా నీళ్లు నిండాయి. ముసలాయన మోసం చేశాడని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

"ఆయన్నెందుకు తిడతావు?" అన్నాడు మామయ్య తాపీగా. "వాడనప్పుడు నీళ్లలో ముంచి ఉంచాలని, ఎండితే చీలుద్దని ఆ రోజే చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నన్నడిగావా?"

పొయ్యి దగ్గరున్న నా భార్య లేచి వచ్చింది. "నీకు ముందే తెలుసా నాన్నా? నెలన్నర బావ దాన్ని తుడుస్తుంటే చూస్తా కూర్చున్నావా?"

"తెలుసు. పడవొస్తే నిన్ను తీసుకుపోతాడుగా."

ఆమె లోపలికి వెళ్లింది. గిన్నెలూ చీరలూ గంపలో సర్దింది. "ఎక్కడికే?" అని ఆయన అరుస్తున్నా వినిపించుకోకుండా గడప దాటింది. నేను వెంట పరిగెత్తాను. పడవ పోయిన బాధ ఎటుపోయిందో, నాకు పట్టరాని సంతోషం. గెలిచాననుకున్నాను. బస్టాండు దాకా వచ్చాక ఉండబట్టలేక, "చూశావా మీ నాన్న బుద్ధి?" అన్నాను.

ఆమె గంప దించి నా వైపు తిరిగింది.

"ఆయన చెప్పలేదు, సరే. నువ్వెందుకు అడగలేదు బావా? ఒక్క మాట అడిగితే పోయేదానికి మీ ఇద్దరూ కలిసి నాకు పుట్టిల్లు లేకుండా చేశారు."

గంప ఎత్తబోతే నా చెయ్యి తోసేసింది. తనే నెత్తికెత్తుకుని నాకన్నా ముందు నడిచింది.