వనజక్క రెండు వేళ్లు

పోయిన నెల తిరుత్తణిలో రైలెక్కిన ఒక తల్లి తన పసిపిల్లను నా పక్కన కూర్చోబెట్టింది. అప్పుడే తీయించిన గుండు, దాని మీద ఇంకా ఆరని చందనం. ఆ వాసనకు, ఏడాది కింద చనిపోయిన వనజక్క గుర్తొచ్చి నవ్వు వచ్చింది.

వనజక్క ఒకప్పుడు దేశం తరఫున జిమ్నాస్టిక్స్ పోటీలకు వెళ్లిన మనిషి. మోకాలు చెడ్డాక సొంతూరు తిరుత్తణికి వచ్చి, పాత బియ్యం గోదాములో మాకు నేర్పింది. తాను ఎగరలేక, టిఫిన్ డబ్బా మూత మీద రెండు వేళ్లు నిలబెట్టి, వాటిని నడిపించి, పల్టీ కొట్టించి, కుదురుగా దించేది. ఆ కాళ్లకు మోకాళ్ల నొప్పి లేదని తనే నవ్వేది. పతకాల గురించి అడిగితే మాత్రం మాట మార్చేది.

నాకు పదేళ్లప్పుడు తిరువళ్లూరులో జిల్లా పోటీలు జరిగాయి. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. నేను నెగ్గితే నాకు గుండు చేయించి ఆ జుట్టు ఇస్తానని అమ్మ మా ఊరి కొండమీది స్వామికి మొక్కుకుంది. అంతటితో ఆగక, పోటీకి ముందురోజే నాకు గుండు కొట్టించి ఇచ్చేసింది. ఇదేం పనని వనజక్క అడిగితే, "ముందే ఇచ్చేస్తే సామి మాట తప్పి యాడికి పోతాడు?" అంది.

మా ఊళ్లో గుండును ఎవరూ పట్టించుకోరు, వీధికి నాలుగు కనిపిస్తాయి. తిరువళ్లూరులో చూస్తారు. నేను రానని గోదాము మూలన కూర్చున్నాను. వనజక్క గోడ పట్టుకుని, మోకాలు చాపి, నా పక్కన కూర్చుంది.

"అందరూ నన్నే చూస్తారక్కా."

"చూడనీ పాపా. వాళ్లు చూసేదానికే గదా మనం పోతా ఉండేది."

గుండు ఒకసారి తడుముకున్నాను. లేచాను.

మర్నాడు బీమ్ ఎక్కగానే ఎవరో నవ్వారు. అరచేయంత వెడల్పు మాత్రమే ఉన్న ఆ కర్ర మీద నా కాళ్లు బిగుసుకుపోయాయి. దూరంగా వనజక్క తన అరచేతి మీద రెండు వేళ్లు నిలబెట్టి ఉంది. అవీ కదలడం లేదు. నేను అడుగు వేశాకే అవి వేశాయి. పల్టీలో జారి పడ్డాను. మళ్లీ ఎక్కి పూర్తి చేశాను. సీటు రాలేదు.

తిరుగు రైల్లో అమ్మ స్వామి మీద అలిగి కూర్చుంది. వనజక్క నా గుండు నిమిరి, "జుట్టు ఊరికే పోలేదులేమ్మా. పడినాక మళ్లా ఎక్కింది చూసినావా? దానికి తీసుకున్యాడు" అంది. అమ్మకు నవ్వాగలేదు.

నేను జిమ్నాస్టును కాలేదు. ఆవడిలో ఆఫీసు ఉద్యోగం. పదిమంది ముందు మాట్లాడాలంటే ఇప్పటికీ భయమే. అప్పుడు బీమ్ ఎక్కే ముందు వనజక్క నిలబడమన్నట్టే మడమలు కలిపి, గడ్డం పైకెత్తి నిలబడతాను. నన్ను చూస్తున్నవాళ్లను ఒకసారి నేనూ చూస్తాను. తర్వాత మొదలుపెడతాను.