నిమ్మపండు రంగు పట్టు మీద నల్ల నూనె

పోయిన ఆదివారం ధర్మవరంలో నేను చేసిన పని చెప్తా, వినండి. మీకు నవ్వొస్తాది, నవ్వుకోండి. నాకు మాత్రం ఇంకా రావడం లే. మా అక్కవాళ్ల వీధిలోకి పోవాలంటే ఇప్పుడు తల వంచుకుని పోవాల్సిన పరిస్థితి.

గాలివానకి మా అక్క ఇంట్లో వేపచెట్టు కాంపౌండు గోడ మీద పడింది. గోడ మధ్యలో మనిషి దూరేంత సందు. బావ ఫోన్ చేసి, కూలోళ్లు ఎవురూ దొరకలేదప్పా, నీ కాడ చెట్లు కోసే మిషన్ ఉండాది కదా, తెస్తావా అని అడిగినాడు. ఉండాది. మా మామ పదిహేనేళ్లు వాడి నాకిచ్చిన మిషన్. స్టార్ట్ అవుతాది, కోస్తాది, దానికి ఉన్న రోగం ఒకటే. చైను తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ ఉంటాది చూడండి, దాన్ని బార్ అంటారు, దానికి నూనె అందదు. రెండు నిమిషాలకే పొగ, కాలిన వాసన.

ముందురోజు హిందూపురం పోయి మెకానిక్‌కి చూపించినా. మూత తీసి చూసి, ఇందులో ఏం నూనె పోస్తాండారు సార్ అన్నాడు. ట్రాక్టరులోంచి తీసిన పాత ఇంజనాయిల్ అని చెప్పినా. లోపలంతా మడ్డి పట్టిందని, రెండు రోజులు పెట్టిపోతే పంపు విప్పి క్లీన్ చేస్తానని చెప్పినాడు. సరే అనాల్సింది. అనలే. నేను సైన్సు మాస్టర్ని, ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పేదే నేను, నేను చూసుకుంటాలే అన్నా.

ఆయన కోపం చేసుకోలే పాపం. బార్ పక్కన సన్న బెజ్జం ఉంటాది, అది పూడుకుంటే నూనె రాదు, ముందు అది చూడండి అన్నాడు. బాగైందా లేదా తెలియాలంటే బార్ మొన ఒక అట్టముక్క వైపు పెట్టి రేస్ ఇవ్వాల. అట్ట మీద నూనె గీత పడితే బాగైనట్టు. అంతా నోటుబుక్కులో రాసుకున్నా. పాత నూనె పారబోసి మంచిది పోయండి అని కూడా చెప్పినాడు. అది మాత్రం రాసుకోలే.

ఆదివారం పొద్దున మిషన్ని గోనెసంచిలో చుట్టుకుని పెనుకొండలో బస్సెక్కినా. టిఫిన్ కూడా సరిగా తినకుండా అక్క ఇంటి ముందర, గోడ పక్కనే పని మొదలుపెట్టినా. బెజ్జం సంగతి మెకానిక్ మొదట చెప్పినాడు కదా, నేను దాన్ని చివరికి పెట్టుకున్నా. మిషన్ అడుగున నూనె ఎక్కువ తక్కువ చేసే స్క్రూ ఒకటి ఉంటాది. నూనె రాలేదంటే తక్కువ పెట్టినట్టే కదా అని దాన్ని ఆ చివర దాకా తిప్పేసినా. రేస్ ఇచ్చినా. రాలే. నూనె ట్యాంకులో ఫిల్టరు తీసి పెట్రోలుతో కడిగినా. రాలే. అప్పుడు బార్ విప్పి, అక్కని పిన్నీసు అడిగి ఆ బెజ్జంలో పొడిచినా. తారు మాదిరి ముద్ద ఒకటి బయటికొచ్చింది. మళ్లీ బిగించినా. స్క్రూ ఫుల్లు మీద ఉన్న సంగతి తలలోంచి పోయింది.

అట్టపెట్టె ఒకటి విప్పి గోడ సందులో వేపకొమ్మకి ఆనించినా. రేస్ ఇచ్చినా. కళ్లు మాత్రం మిషన్ మీదనే, ఈసారి పొగ వస్తాదేమో అని. పొగ లేదు, వాసన లేదు. ఆ సంతోషంలో ఇంకొంచెం రేస్ ఇచ్చినా. తల ఎత్తేసరికి అట్ట గాలికి కింద పడుంది. ఎప్పుడు పడిందో తెలీదు. సందులోంచి పక్కింటి వాకిలి కనిపిస్తాంది. అక్కడ వెదురుబొంగు మీద నిమ్మపండు రంగు పట్టునూలు కట్టలు ఆరేసున్నారు. వాటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి చుక్కలు, నడుమ ఒక పెద్ద గీత.

నూనె మాత్రం బాగా వస్తాంది.

పక్కింటామె పేరు లక్ష్మీదేవి. చేనేత మగ్గం. ఇన్నేళ్లూ షాపులోళ్లకి నేసి నేసి, ఈసారి కూతురి పెళ్లిచీర తన మగ్గం మీద తానే నేసుకోవాలని ఆ నూలు తెచ్చుకుంది. ఇదంతా ముందురోజు రాత్రే అక్క నాకు చెప్పింది ఫోన్లో. లోపల మగ్గం చప్పుడు వినబడతానే ఉండాది. నేను ఒక్క కేక వేసి ఆమెని పిలిచుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మిషన్ ఆఫ్ చేసినా. అట్టముక్క మడిచి గోనెసంచి కింద పెట్టినా. చేతులు కడుక్కుని, అక్క ఇచ్చిన కాఫీ తాగుతా కూర్చున్నా.

పావుగంటకి ఆమె బయటికొచ్చి చూసింది. నా మీద అనుమానమే రాలే ఆమెకి. రంగు వేసిన ఇమాంసాబు సరిగా వెయ్యలేదు, మచ్చలు తేలినాయి అనుకుని ఆయనకి ఫోన్ చేసింది. బావ నన్ను పిలిచి, మావాడు సైన్సు మాస్టరు, వాణ్ని అడుగు అని ఆమెతో చెప్పినాడు. ఇద్దరూ నా వైపు చూసినారు.

నేనేం చేసినానో చెప్పడానికి నాకే నోరు రావడం లే. పాఠం చెప్పినా. బోరునీళ్లలో ఐరన్ ఎక్కువుంటే రంగు నల్లబడతాది అని, దానికి కారణం ఇది అని, నిదానంగా, క్లాసులో చెప్పినట్టే చెప్పినా. ఆమె తల ఊపుతా వినింది.

ఇమాంసాబు పాత సైకిలు మీద వచ్చినాడు. అరవై దాటుంటాయి. గోళ్లనిండా రంగులు. ఇంతవరకు ఎవురూ నా కాడికి నూలు వాపసు తేలేదమ్మా అని ఒకసారి అని ఊరుకున్నాడు. ఆమె నా వైపు చెయ్యి చూపించి, నీళ్లలో ఐరన్ అంట, సారు చెప్తాండారు అంది. ఆ పెద్దాయన నాతో వాదనకి దిగుతాడని అనుకున్నా. దిగింటే బాగుండేది.

"మీరు చదువుకున్నోళ్లు సార్. మీరు చెప్తే అంతే అయింటాది. పోయిన నెల కొత్త బోరు వేయించినా, నీళ్లు టెస్ట్ చేయించలే. తప్పు నాదే" అన్నాడు.

అని ఊరుకోకుండా, ఆ కట్టలన్నీ తీసుకుపోయి, ఐరన్ మచ్చ పోవడానికి ఆసిడ్ నీళ్లలో ముంచి, మళ్లీ రంగు వేసి తెస్తానని ఒకటొకటే భుజం మీద వేసుకుంటాండాడు. ఆయన నాలుగో కట్ట తీస్తాంటే నా వల్ల కాలే.

"సాబూ, నీ నీళ్ల తప్పేం లేదు. అది నా మిషన్ నూనె. నేనే పడేసినా" అన్నా.

బావ నేల చూసినాడు. అక్క చేతిలో ఖాళీ గ్లాసు అట్లే ఉండాది. లక్ష్మీదేవి నన్ను తిట్టింటే తలకాయ దించుకుని వినేవాణ్ని, ఆమె బొంగు మీద మిగిలిన కట్టల్ని తడిమి చూసుకుంటాంది. ఇమాంసాబు కట్టని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. ఆయన ముఖం తేటపడింది.

"నూనె అయితే బతికినాం. సబ్బుకి పోతాది. ఆసిడ్‌లో ముంచింటే మచ్చ పోయేది కాదు, నూలు పోయేది" అన్నాడు. మళ్లీ నన్ను చూసి, చానా మెల్లగా అడిగినాడు. "అయితే ఆ ఐరన్ మాట ఎందుకు చెప్పినారు సార్?"

ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని ప్రశ్నలు అడగమని చెప్తాండేవాణ్ని. ఆయన భుజం మీది కట్టలు నా భుజం మీదికి మార్చుకుని ఆయన వెనకే నడిచినా.

ఆ మధ్యాహ్నమంతా ఇమాంసాబు ఇంటి వెనక పీట మీద కూర్చుని గోరువెచ్చటి సబ్బునీళ్లలో పట్టు జాడిస్తానే ఉన్నా. గట్టిగా పిండకండి సార్, నలుగుతాది అని ఆయన పక్కనే ఉండి చెప్తాండాడు. నూనె పోయింది. నూనెతోపాటు రంగూ పోయింది. ఆయన మళ్లీ అన్నిటికీ రంగు వేసినాడు, ముందుకంటే కొంచెం ముదురుగా. సాయంత్రం లక్ష్మీదేవి కూతురు ఒక కట్టని చేతి మీద వేసుకుని చూసి, ఇదే బాగుంది అంది. నిజంగా బాగుండి అనిందో, నా ముఖం చూసి జాలిపడి అనిందో నేను అడగలే.

చెట్టు ఎట్ల ఉన్నది అట్లే ఉండాది కదా, సోమవారం లీవు పెట్టేసినా. పొద్దున్నే పోయి మంచి బార్ ఆయిల్ కొన్నా. ట్యాంకు కడిగి అది పోసినా. స్క్రూ సగానికి తగ్గించినా. కొత్త అట్టముక్క తీసుకుని, ఈసారి అక్క ఇంటి గోడకే, మేకు కొట్టి బిగించినా. సన్నగా, సమంగా గీత పడింది. హిందూపురం మెకానిక్ చూసింటే మెచ్చుకునేవాడు.

ఇంక చెట్టు దగ్గరికి పోయి, కాళ్లు నిలదొక్కుకుని స్టార్టరు తాడు లాగినా. ఇంజను అందుకుంది. తల ఎత్తి చూసినా. ఎదురింటామె దండెం మీది దుప్పట్లు చంకన పెట్టుకుని పరిగెత్తుతాంది. ఆ పక్కింటోళ్లు అరుగు మీద ఆరబోసిన చెనక్కాయల్ని చాపతో సహా లోపలికి ఈడుస్తాండారు. వీధి చివర ఒకాయన తెల్ల స్కూటర్ని తోసుకుంటా మలుపు తిరిగిపోయినాడు. మనోళ్లు ఒకరన్నా పక్కన నిలబడింటారని వెనక్కి తిరిగి చూసినా. మా అక్క, నా సొంత అక్క, బావ లుంగీలు రెండూ దండెం మీదనుంచి లాక్కుని లోపలికి పోయి తలుపుకి గడియ పెట్టుకుంది.