గుండీల కొట్టులో ఒంటిగంటకు

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇరవై ఏళ్ళుగా కొట్లలో కెమెరాలు బిగిస్తున్నాను. తెర మీద తెల్లగా ఏదో కదిలిందంటే అది సాలెపురుగైనా అయ్యుంటుంది, బూజైనా అయ్యుంటుంది. అందుకని గుండీల పిన్ని ఫోను చేసి, "స్టూలు మీద మీ బాబాయి కూచుంటున్నాడు, బొమ్మ మసగ్గా ఉంది, కాస్త క్లారిటీ పెంచిపెట్టు" అన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. సిగ్గేసింది. బాబాయి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. నేను పలకరించడానికి కూడా వెళ్ళలేదు.

గుండీల పిన్ని అంటే మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. గుండీలు, దారపు రీళ్ళు, జిప్పులు, లేసులు అమ్మే ఇరుకు కొట్టు ఆవిడది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు మీద గుర్తుగా ఒక్కో గుండీ అంటించి ఉంటుంది. ఎవరైనా ఊడిన గుండీకి జోడీ కావాలని వస్తే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి తిప్పి, తిన్నగా వెళ్ళి సొరుగు లాగుతుంది. సరిగ్గా అలాంటిది లేకపోతే మాత్రం అబద్ధమాడదు. "దగ్గరగా ఉంది, అదే కాదు" అంటుంది. "ఎవరు చూస్తార్లే పిన్నీ" అని కొనేవాళ్ళు సర్దుకోబోయినా, "నేను చూశాగా" అంటుంది. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

బాబాయి కొట్టు వెనక భాగంలో ఎత్తు స్టూలు మీద కూర్చుని కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. వేళ్ళకు ఎప్పుడూ మిషను నూనె, ముక్కు మీద ఎప్పుడూ కోపం. కోపంలో నేనూ తక్కువ తినలేదు. మూడేళ్ళ కిందట నా దగ్గర కెమెరా కొని, "మిషన్లు విప్పినవాణ్ణి, నాలుగు మరలు తిప్పలేనా" అని తనే బిగించుకుంటానన్నాడు. "పైన గిన్నెలా ఉండే అద్దపు మూతకి చెయ్యి తగలనీకండి బాబాయ్" అన్నాను. "నాకు చెప్పొచ్చావా" అన్నాడు. వారం తిరక్కుండా బొమ్మ మసగ్గా వస్తోందని, నేను నాసిరకం సరుకు అంటగట్టానని వీధంతా చాటాడు. నాకు ఒళ్ళు మండింది. ఇక ఆ గడప తొక్కనన్నాను, తొక్కలేదు. ఎదురుపడితే ఇద్దరం తలలు తిప్పుకునేవాళ్ళం. ఆయన పోయిన రోజు వీధి మలుపు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాను.

ఫోను వచ్చిన మర్నాడు వెళ్ళాను. పిన్ని నన్ను ఒక్క మాటా దెప్పలేదు, దెప్పినా బాగుండేది. ఒంటిగంటకు షట్టరు కిందికి లాగి, మేడ మీదికి తీసుకెళ్ళింది. నాలుగింటికి మళ్ళీ తెరిచేదాకా ఆవిడ అక్కడే ఉంటుంది. కింద కెమెరా చూసేదంతా మేడ మీద టీవీలో కనిపిస్తుంది. ఆ వైరు కూడా బాబాయి లాగిందే.

"అదిగో చూడు" అంది.

షట్టరు పడ్డాక కొట్టు చీకటి. తెర మీద అంతా బూడిదరంగు. వెనక భాగంలో, స్టూలు ఉండే చోట, తెల్లగా ఒక మనిషి. తల, భుజాలు, ఎడమవైపుకి ఒరిగి కూర్చోవడం. బాబాయి అచ్చం అలాగే కూర్చునేవాడు. నమ్మకం లేదన్నానుగా, అయినా రెండడుగులు వెనక్కి వేశాను.

పిన్ని కంచం తెచ్చుకుని టీవీకి ఎదురుగా కూర్చుంది. "పొద్దున్నే నల్ల జిప్పులు అయిపోయాయి" అంది. నాతో కాదు.

కాసేపటికి నావైపు తిరిగింది. "మొహం కనపడితే చాలు అబ్బాయ్. ఆ రోజు పొద్దున పోట్లాడుకున్నాం. రెండు సొరుగుల గుండీలు కలిపేశానని నలుగుర్లో కసిరాడు. నాకు రోషం వచ్చి, భోజనానికి పిలవకుండా పైకొచ్చి ఒక్కదాన్నే తినేశా. ఈ టీవీ కూడా పెట్టలా. నాలుగింటికి కిందికెళ్తే ఆ స్టూలు మీదే ఒరిగిపోయి ఉన్నాడు."

"రికార్డింగు చూడలేదా పిన్నీ?"

"ధైర్యం చాల్లేదు. ధైర్యం వచ్చేసరికి రికార్డింగు పెట్టె దాన్ని చెరిపేసుకుంది. ముప్పై రోజులే దాచుకుంటుందంటగా." కంచంలోకి చూస్తూ అంది. "ఇంకా కోపంగానే ఉన్నాడో లేదో చూసుకోవాలి. అంతే."

ఆ మధ్యాహ్నం చేతనైనవన్నీ చేశాను. వైరు కొసలు మార్చాను. బొమ్మ నాణ్యత ఎంత పెంచగలనో అంతా పెంచాను. స్టూలు కాళ్ళు తేటపడ్డాయి, సొరుగుల మీద గుండీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించాయి. ఆయన మాత్రం అలాగే తెల్లగా, మొహం లేకుండా కూర్చున్నాడు. ఇక మిగిలింది కెమెరా మూత. కిందికి దిగి నిచ్చెన ఎక్కి దాన్ని విప్పాను.

కెమెరాలు బిగించే మాలాంటివాళ్ళకి ఒక అలవాటుంది. మూత చేతికి రాగానే నోటితో ఆవిరి ఊది చొక్కా కొసతో తుడిచేస్తాం. ఆలోచించి చేసే పని కాదు, చెయ్యే చేసేస్తుంది. ఊదాను. ఆవిరి పట్టగానే మూత మీద పెద్ద బొటనవేలి ముద్ర తేలింది, గీతలతో సహా, ఎడమకి వాలి. అదేమిటో నా బుర్రకు ఎక్కేలోపు చెయ్యి తుడిచేసింది.

చీకటి పడగానే ఆ కెమెరా మన కంటికి ఆనని దీపాలు తనే వెలిగించుకుంటుంది. మూత మీద జిడ్డుంటే ఆ వెలుగు దాని మీద పడి తెల్లగా మెరుస్తుంది. పగలైతే కాస్త మసక, అంతే. బాబాయి ఉన్నన్నాళ్ళూ కొట్టులో దీపం ఆర్పనిచ్చేవాడు కాదు, అందుకే మసక తప్ప మనిషి కనపడలేదు. మూడేళ్ళ కింద ఆయన మిషను నూనె చేత్తో మూత బిగించాడు. ఆ కొట్టులో ఆయన చేతి గుర్తుగా మిగిలింది అదొక్కటే. నేను చొక్కాతో తుడిచేశాను. మూత మళ్ళీ బిగించి మేడెక్కాను.

మేడ మీద పిన్ని తెరకి దగ్గరగా జరిగి నిలబడి ఉంది. ఖాళీ స్టూలు, దాని మీద చిరిగిన మెత్త, మెత్త మీద కుట్లు, అన్నీ కనిపిస్తున్నాయి.

"ఎంత బాగా కనిపిస్తోందో" అంది. "ఆయనే లేడు."

దాచలేకపోయాను. వేలిముద్ర సంగతి, నా చొక్కా సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"వేలిముద్రకి కోపం ఉంటుందా అబ్బాయ్?" అని అడిగింది. ఆవిడ టీవీ కట్టేసింది.

మర్నాటి నుంచి ఒంటిగంటకు షట్టరు దించడం మానేసింది. భోజనానికి మేడెక్కడం లేదు, తింటోందో లేదో కూడా ఎవరికీ తెలియదు. నాలుగో రోజు పక్క కొట్టు టైలరు నన్ను ఆపి, "పిన్నికి ఏమైందిరా? నల్ల గుండీ అడిగితే ముదురు నీలం ఇచ్చింది, పైగా ఏమీ అనలేదు" అన్నాడు. అది విన్నాక నాకు నిజంగా భయమేసింది.

వైరు చూడాలని సాకు చెప్పి వెళ్ళాను. బాబాయి బల్ల మీద నూనె డబ్బా అలాగే ఉంది. బొటనవేలికి రాసుకుని, నిచ్చెన ఎక్కి, ఆయన ముద్ర ఉన్న చోటే నొక్కాను. వెనక నుంచి ఎవరో "నాకు చెప్పొచ్చావా" అన్నట్టనిపించి తిరిగి చూశాను. స్టూలు తప్ప ఏమీ లేదు.

ఒంటిగంటకు షట్టరు నేనే దించి, పిన్నిని బతిమాలి మేడెక్కించాను. టీవీ పెట్టాను. స్టూలు మీద తెల్లగా మనిషి.

పిన్ని చాలాసేపు చూసింది. గుండీని తిప్పుతున్నట్టు బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి రుద్దుకుంది.

"దగ్గరగా ఉంది" అంది. "అదే కాదు."

నేను తల దించుకున్నాను.

"మీ బాబాయి ఎడమవైపుకి ఒరిగి కూచునేవాడు. ఇతను పోట్లాటకి వచ్చినట్టు నిటారుగా కూచున్నాడు. నువ్వే కదూ?"

"తప్పయిపోయింది పిన్నీ. తుడిచేస్తా."

"ఉండనీ." లేచి వెళ్ళి కంచం తెచ్చుకుని, తెర మీది స్టూలు చూపించింది. "నేను ఒక్క పూట మాట్లాడలేదు ఆయనతో. నువ్వు రెండేళ్ళకి పైనే. కూచో అక్కడ. ఆయనొస్తే ఇద్దరి మాటా చెప్పు."

ఆవిడ మళ్ళీ వేళకి తింటోంది. గుండీలు మళ్ళీ సరిగ్గా ఇస్తోందని టైలరు చెప్పాడు. నేను మాత్రం ఒంటిగంటకు ఏ కొట్టులో నిచ్చెన మీద ఉన్నా చెయ్యి ఆపుతాను. అక్కడ, ఆ చీకట్లో, ఆయన స్టూలు మీద నేను కూర్చుని ఉంటాను. నాలుగింటి దాకా అక్కడే. ఇంతవరకు ఎవరూ రాలేదు.