బ్యాటరీ లక్ష్మీనర్సయ్య, మా ఐదు వందల కిలోమీటర్లు

తార్నాకలో కార్లున్న వాళ్ళు డాక్టరు నంబరైనా మర్చిపోతారేమో గానీ లక్ష్మీనర్సయ్య నంబరు మర్చిపోరు. పొద్దున్నే తాళం తిప్పితే కారు 'టిక్' మని ఊరుకుందంటే ఆయనకే ఫోను. పాత మోపెడ్ మీద కాళ్ళ మధ్య ఒక బ్యాటరీ పెట్టుకుని, మెడలో ఎర్ర తీగ, నల్ల తీగ వేసుకుని పదిహేను నిమిషాల్లో దిగుతాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ప్యాంటు నిండా చిన్న చిన్న చిల్లులు. మొదటిసారి చూసినప్పుడు పాపం, కట్టుకోవడానికి బట్టల్లేవేమో అనుకున్నాను. తీరా అది యాసిడ్ పనట.

"మా ఇంటామె దుకాణానికి ఒక ప్యాంటు, పెండ్లిళ్ళకు ఒక ప్యాంటు ఇచ్చింది మేడం. పెండ్లి ప్యాంటు ఏసుకొని దుకాణం దిక్కు చూసిన్నంటే లొల్లి పెడ్తది" అని ఆయనే నవ్వాడు.

వాళ్ళది మోత్కూరు దగ్గర పల్లె. రెండెకరాల చెలక, నీళ్ళు పడని బోరు. పంతొమ్మిదో ఏట పట్నం వచ్చి అంబర్‌పేట్‌లో లారీ బ్యాటరీలు మోశాడు. ఏడేళ్ళు మోస్తూ, చూస్తూ పని నేర్చుకున్నాడు. తర్వాత తార్నాకలో ఒక్క షట్టరు గది అద్దెకు తీసుకున్నాడు. ఇప్పటికీ అదే గది. ఇల్లు అడిక్‌మెట్‌లో.

ఈయన దగ్గర ఒక తిక్క ఉంది. కొత్త బ్యాటరీ ఇవ్వవయ్యా అని వెళ్ళినా వెంటనే ఇవ్వడు. ముందు విచారణ పెడతాడు. ఎప్పుడు కొన్నారు, ఎక్కడెక్కడ తిరుగుతారు, పాటలు వింటారా, బండి ఆపి ఏసీ వేసుకుని కూర్చుంటారా? అన్నీ చెప్పాకే బానెట్ ఎత్తుతాడు. ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. ఇన్ని కార్లు బతికించిన మనిషికి కారు నడపడం రాదు. "నాకు ముంగట పనే గని లోపల పని లేదు మేడం" అంటాడు.

ఇక నా సంగతి. నా పేరు రాహేలు. సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి పోయినేడు రిటైరయ్యాను. మా ఆయన ఏసురత్నం యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేసి, నాకంటే ముందే ఇంట్లో కూర్చున్నారు. మా అక్క కరుణ మౌలాలిలో ఉంటుంది. శనివారం పూట అక్క దగ్గరికి వెళ్ళి, టీ తాగి, నాలుగు మాటలు చెప్పుకుని రావాలని నాకు. అందుకు కారు తీయమని మా ఆయన్ని బతిమాలాలి. ఒక వారం మోకాలు నొప్పి, ఒక వారం ట్రాఫిక్కు, ఒక వారం "పోయిన వారమేగా వెళ్ళాం". ఆటోలో పోవచ్చు కదా అంటారు మీరు. పోవచ్చు. నాకు మాత్రం మా కారులో, నా చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఎవరినీ అడగకుండా వెళ్ళాలని ఉంది. అరవై రెండేళ్ళ మనిషికి ఆ మాత్రం కోరిక ఉండకూడదా?

డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పుడు మా ఆయన ఒక షరతు పెట్టారు. యూనివర్సిటీ క్యాంపస్ లోపల ఐదు వందల కిలోమీటర్లు తిరిగితేనే మెయిన్ రోడ్డట! ట్రిప్ మీటరు సున్నా చేసి, "ఈ అంకె ఐదు వందలు కావాలి. అప్పటిదాకా గేటు దాటేది లేదు" అన్నారు. రిటైరైనా పరీక్షలు పెట్టే బుద్ధి పోలేదు.

రోజూ పొద్దున ఆరున్నరకు బయల్దేరేవాళ్ళం. సగం హైదరాబాదు కారు నేర్చుకునేది ఆ రోడ్ల మీదే కదా. వాకింగ్‌వాళ్ళు, సైకిళ్ళు, ఎర్ర 'ఎల్' అంటించుకున్న కార్లు, అందరి మధ్యా మేము. రోజుకు నాలుగు కిలోమీటర్లు. రెండో గేరు దాటనిచ్చేవారు కాదు. ప్రతి మలుపులోనూ "ఆపు, ఆపు". కంగారుగా ఆపితే ఇంజను ఆగిపోయేది. ఆగితే "చూశావా!" ఈ 'చూశావా'లకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. అయినా నోరు మూసుకుని నాలుగు నెలలు తిరిగాను.

ఫిబ్రవరిలో ఒకరోజు మీటరు నాలుగు వందల అరవై రెండు చూపిస్తోంది. ఇంకో పది రోజులు, అంతే. ఆర్ట్స్ కాలేజీ దాటాక రోడ్డుకు అడ్డంగా నెమలి నడిచింది. "ఆపు!" అన్నారు. ఆపాను. ఇంజను ఆగింది. తాళం తిప్పాను. టిక్. మళ్ళీ తిప్పాను. టిక్. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు కారును చెట్టు కిందికి నెట్టి వెళ్ళిపోయారు.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "రోజుకు పదిసార్లు ఆర్పి పదిసార్లు స్టార్ట్ చేస్తే బ్యాటరీ ఏం కావాలి? నీ వల్లే పోయింది. ఇక చాలు రాహేలూ. కారు అమ్మేద్దాం" అన్నారు.

ఆయన కోపంతో అనుంటే నేనూ నాలుగు అనేదాన్ని. నింపాదిగా అన్నారు, ఎప్పుడో నిర్ణయించుకున్నట్టు. లక్ష్మీనర్సయ్యకు ఫోను చేశాను.

వచ్చాడు. మామూలుగానే విచారణ మొదలుపెట్టాడు. రోజుకెంత దూరం? నాలుగు కిలోమీటర్లు. ఎంత స్పీడు? ఇరవై. ఏసీ? ఉంటుంది. లైట్లు? పగలైనా వేస్తాం, ఎదుటివాళ్ళకు కనపడాలని మా ఆయన జాగ్రత్త. మెయిన్ రోడ్డెక్కి ఎన్నాళ్ళయింది? అక్క ఇంటికి వెళ్ళి నాలుగు నెలలు దాటింది. అన్నీ విని బానెట్ ఎత్తాడు. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి బూజును ఫ్లాస్కులో తెచ్చుకున్న వేడినీళ్ళతో కడిగాడు. వోల్టులు కొలిచే మీటరు పెట్టి చూసి తల పంకించాడు.

"మంచిగనే ఉన్నది. ఒక రోజు చార్జింగ్ పెడ్త. అందాక నాది ఏసి ఇస్త, నడుపుకోండ్రి."

మా బ్యాటరీ తీసి ఆయనది బిగించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నేను ట్రిప్ మీటరు చూశాను. సున్నా!

మా ఆయన కూడా వంగి చూశారు. పెదాల మీద నవ్వు దాచుకోవాలని కూడా అనుకోలేదు. "సరే, అమ్మొద్దులే. మళ్ళీ మొదటి నుంచి" అన్నారు.

"సున్నా అక్కడ కాదండీ, మీ బుర్రలో ఉంది!" అని అరిచాను. ఏడుపు ఆగలేదు. పరాయి మనిషి ముందు, నడిరోడ్డు మీద, వెక్కి వెక్కి ఏడ్చాను. లక్ష్మీనర్సయ్య బిత్తరపోయాడు. "ఏమైంది మేడం? బ్యాటరీ తీస్తే గది సున్నా అయితది, అన్ని బండ్లల్ల కాదు గని మీ దాంట్ల అయితది. గింత దానికి..." అన్నాడు. షరతు సంగతంతా చెప్పాను. ఆయన చెయ్యి తుడుచుకుని మా ఆయన వైపు తిరిగాడు.

"సారూ, ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. ఈ బ్యాటరీ ఆకలి మీద ఉన్నది. స్టార్ట్ చేసినప్పుడల్ల అది ఇస్తున్నది. బండి ఉరికితెనే దానికి తిరిగి వస్తది. నాలుగు కిలోమీటర్లు ఇరవై స్పీడ్ల పోతే ఏం వస్తది? గిట్లనే తిప్పితే మళ్ళ నాలుగు నెలలకు పడిపోతది. మళ్ళ తీస్త. మళ్ళ సున్నా. మీ ఐదు వందలు ఈ జన్మల కావు సారూ."

లెక్కల టీచర్ని నేను. ఇంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో! కళ్ళు తుడుచుకుని నవ్వేశాను.

"మరేం చెయ్యాలంటావు?" మా ఆయన గొంతు కాస్త తగ్గింది.

"వారంల రెండు సార్లు, అరగంట, మెయిన్ రోడ్డు మీద. జర స్పీడుగ."

"అదెంత పని, నేను నడుపుతా" అన్నారు మా ఆయన.

మర్నాడు తార్నాక దుకాణానికి వెళ్ళాం. మా బ్యాటరీ మాకు బిగించి, అరగంట తిరిగితే గానీ చార్జింగ్ ఎక్కుతుందో లేదో తెలియదని లక్ష్మీనర్సయ్య వెనక సీట్లో ఎక్కాడు. బ్యాటరీ నుంచి రెండు సన్నటి తీగలు కిటికీలోంచి లోపలికి లాగి, మీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. ఏసీ వేశారు, లైట్లు వేశారు, బయల్దేరారు. ఇరవై. ఆటోలు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఒకాయన స్కూటరు మీద వెనక్కి తిరిగి మరీ చూశాడు.

"పదమూడు వోల్టులు గూడ వస్తలేవు సారూ, పద్నాలుగన్న రావాలె. ఎక్కుతలేదు" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మేడంకు ఇయ్యిండ్రి."

"ఇక్కడా? ఈ ట్రాఫిక్కులోనా?"

"మేడంకు లైసెన్స్ ఉన్నది కద. మనం ముగ్గురం ఉన్నం. నాకే లైసెన్స్ లేదు."

మా ఆయన కారు పక్కకు తీసి, చాలాసేపు కూర్చుని, చివరికి దిగారు. నేను స్టీరింగ్ దగ్గర కూర్చుని ముందు లైట్లు ఆర్పాను. లాలాపేట్ వైపు తిప్పాను. రెండు, మూడు, నాలుగో గేరు కూడా వేశాను. సరిగ్గా బ్రిడ్జి ఎక్కుతుంటే ముందున్న ఆటో ఆగింది. నేనూ ఆపాను. ఇంజను ఆగిపోయింది. వెనక బస్సు హారను మోగించింది. మా ఆయన చెయ్యి తాళం మీదికి వచ్చింది.

"సారూ, చెయ్యి తియ్యిండ్రి. బ్యాటరీ పూచీ నాది. బండి మేడంది" అన్నాడు వెనకనుంచి లక్ష్మీనర్సయ్య.

హ్యాండ్‌బ్రేక్ లాగాను. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. మెల్లగా క్లచ్ వదిలాను. కారు వెనక్కి జారలేదు. బ్రిడ్జి దిగి మూడో గేరులో పోతుంటే వెనకనుంచి కేక వినపడింది.

"పద్నాలుగు! పద్నాలుగు వచ్చింది మేడం, ఎక్కుతున్నది!"

దారి పొడుగునా ఆయన తల ఎత్తి రోడ్డు చూడనే లేదు.

మౌలాలి దాకా పోయి వెనక్కి తిప్పేముందు రోడ్డు పక్కన ఆపాను. మా ఆయన మంచినీళ్ళు తాగారు. "బాగానే నడిపావు" అన్నారు. సీసా మూత బిగిస్తూ, "నీ మీద నమ్మకం లేక కాదు రాహేలూ. నువ్వొక్కదానివే రోడ్డు మీద ఉన్నట్టు ఊహించుకుంటే నాకు భయమేస్తుంది" అన్నారు.

"ఆ ముక్క నాలుగు నెలల క్రితం చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నాను. కోపంగా అనాలనుకున్నాను. తీరా ఆయన చెయ్యి పట్టుకున్నాను. లక్ష్మీనర్సయ్య మీటరును చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

దుకాణం దగ్గర దిగుతూ, "గిట్ల నడిపితే ఇంకో మూడేండ్లు మీకు నాతోని పని పడది మేడం. నేనే నా గిరాకీ చెడగొట్టుకున్న" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం వచ్చింది. నేను చీర మార్చుకుని తాళం తీసుకున్నాను. మా ఆయన గేటు తీసి, "చేరగానే ఫోను చెయ్యి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఎంత కష్టపడి ఊరుకున్నారో నాకు తెలుసు.

అక్క ఇంటి ముందు కారు ఆపి, తాళం తీసి, రెండు నిమిషాలు అలాగే కూర్చుని, హారను కొట్టాను. హారను విని అక్క గుమ్మంలోకి వచ్చింది. పక్క సీటు చూసింది, వెనక సీటు చూసింది, రోడ్డు వైపు చూసింది.

"నిన్నెవరు దింపారే?" అంది.

"ఎవరూ దింపలేదక్కా. నేనే వచ్చాను."