మడ అడవిలో మా అన్న, చెరువులో మా తుమ్మలు

మా చిన్నప్పుడు... మోతె దగ్గర మా ఊరి చెరువు నిండితే తుమ్మచెట్లన్నీ నడుము లోతు నీళ్లలో నిలబడేవి. వాటి మీదికి తెల్లకొంగలు దిగేవి. కొమ్మకొమ్మకూ గూళ్లు... కట్ట మీద నడుస్తుంటే చెవులు దిబ్బళ్లు పడేంత గోల. కంపు కూడా అంతే. బడికి పోయేటప్పుడు ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం.

మా నాయిన గొర్లు, మేకలు కాసేవాడు. మేకలకు తుమ్మకొమ్మలు కోయడానికి పొడుగాటి దోటి ఉండేది, చివర కొడవలి కట్టి. కొంగలు దిగిన రోజు ఆ దోటిని ఇంటి చూరులో చెక్కేవాడు. గూళ్లలో కొంగపిల్లలు ఎగిరిపోయేదాకా దాన్ని ఎవ్వరూ ముట్టకూడదు. మా ఒక్క ఇంట్లోనే కాదు... మేకలున్న ప్రతి ఇంట్లో అదే కట్టడి.

"మరి మేకలేం తింటయ్ నాయినా?" అని అడిగితే, "గవి నడుస్తయ్ బిడ్డా, గుట్టకు తోల్కపోత. గూట్లె ఉన్న పిల్ల యాడికి నడుస్తది?" అనేవాడు.

గొంగడి భుజాన వేసుకుని, సద్దిమూట పట్టుకుని అంత దూరం పోయేవాడు. ఆ రోజుల్లో మేకలు చిక్కిపోయేవి. పాలు తగ్గేవి. అమ్మ గొణిగేది గానీ దోటి దించమని మాత్రం అనేది కాదు. కొంగల రెట్ట కలిసిన నీళ్లు పారితే పొలానికి బలమని రైతులు కూడా ఆ చెట్ల జోలికి పోయేవారు కాదు.

ఇక ఇప్పటి సంగతి వినండి...

అదే ఇంట్లో పుట్టి పెరిగిన మా అన్న చెరువులో చేపల కౌలు పట్టాడు. కొంగలు చేపపిల్లల్ని తింటున్నాయట... తుమ్మముళ్లకు వలలు చిరుగుతున్నాయట. ఈ ఎండాకాలం నీళ్లు అడుగంటగానే సగం చెట్లు కొట్టించాడు. నేను మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వెళ్లి కొట్లాడాను. "సరే తియ్యి చెల్లె, మిగిలినయి ముట్ట" అన్నాడు. నమ్మాను.

ఆ తర్వాత పిల్లల సెలవులకు రెండు కుటుంబాలం కలిసి అండమాన్ వెళ్లాం. అక్కడొక మడ అడవి... ఉప్పునీళ్లలో వేళ్లు పైకి లేపుకుని నిలబడ్డ చెట్లు. వాటి మధ్య నుంచి చెక్కల బాట. టికెట్ కొని లోపలికి పోయాం. కొమ్మ ముట్టొద్దు, గట్టిగా అరవొద్దు అని గైడ్ ముందే చెప్పాడు.

నిజం చెప్తున్నా, ఆ చెట్లను చూస్తే మా చెరువే గుర్తొచ్చింది. మా అన్న అయితే పరవశించిపోయాడు. ఆయన కూతురు ఒక ఆకు తెంపబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. "తప్పు బిడ్డా! గీ చెట్ల మీద ఎన్ని పిట్టలు బతుకుతయో ఎర్కనా?"

చెప్పేవి శ్రీరంగనీతులు...

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. "ఆ... మిషన్ వచ్చిందా? ఆ మిగిలిన తుమ్మలు గూడ కొట్టెయ్యుర్రి. నేనొచ్చేసరికి ఖతం గావాలె."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఫోన్ లాక్కున్నాను. అప్పటికే సిగ్నల్ పోయింది. "సిగ్గులేదా అన్నా? గీడ ఆకు ముడితే బిడ్డను కొడ్తివి, గాడ చెట్లకు చెట్లే కొట్టిస్తున్నవ్!" అని అరిచాను. అరవొద్దని గైడ్ మళ్లీ చెప్పాడు.

మా అన్న నవ్వాడండీ. "గిది మడ అడవి చెల్లె, యాడాడ నుంచో వచ్చి సూస్తున్నరు. మన తుమ్మకంపను టికెట్ కొని ఎవడు సూస్తడు?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా వాడికి కంటితో చూడ్డానికి కూడా పనికిరాలేదు.

ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆ చెక్కల మీద పరిగెత్తాను. పడవెక్కి జెట్టీకి వచ్చాక గానీ సిగ్నల్ అందలేదు. మిషన్ నడిపే అతను ఎత్తాడు. "తమ్మీ, జర ఆపు... నీకు పుణ్యముంటది" అన్నాను.

"ఇంకేం ఆపాలె అక్కా... అయిపాయె. ట్రాక్టర్ల ఏస్తున్నం."

జెట్టీ మీదే కూలబడి కోపంతో ఏడ్చాను. వదిన మంచినీళ్ల సీసా ఇస్తే విసిరికొట్టాను. పాపం, ఆమె ఏం చేసింది!

వానలు పడ్డాయి. చెరువు నిండింది. కొంగలు వచ్చాయి... నీళ్ల మీద గుండ్రంగా తిరిగాయి, కట్ట మీద వాలాయి, మళ్లీ లేచాయి. ఎక్కడికి పోయాయో తెలియదు. నాయిన కట్ట మీద నిలబడి అంతా చూశాడు. ఇంటికొచ్చి అన్నను పిలిచి ఒక్క మాటే అన్నాడు. "మేకలను మాడ్చినం గానీ, కొంగలకు కొమ్మ లేకుంట చెయ్యలేదురా మేము."

అన్న తల దించుకున్నాడు. ఏం లాభం? తల దించుకుంటే తుమ్మలు లేస్తాయా?

ఇది చదివి 'మా ఊళ్లో కూడా ఉండేవండీ, అవి ఎంత మంచి రోజులో' అని కామెంట్ పెట్టకండి. వినే ఓపిక లేదు నాకు... మీ ఊరి చెరువులో ఇప్పటికీ నిలబడి ఉన్న చెట్ల సంగతే రాయండి. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు మిషన్ ఎప్పుడొస్తుందో కనుక్కుని నాకు చెప్పండి. ఈసారి నేను ఫోన్ చెయ్యను... వచ్చి అడ్డం నిలబడతాను.